గవర్రాజుగారి కుర్చీలో గుబులు

నమోదు 1. సోమవారం

ఇవాళ పనికంటే ఇల్లు వెతకడానికే ఎక్కువసేపు పట్టింది. మా మేడలంకలో గురువారం గురువారం ఇళ్ళ చోట్లు మారుస్తారు కదా, పోయిన గురువారం ముత్యాల గవర్రాజుగారి ఇంటిని చేపలరేవు పక్కనుంచి లాక్కెళ్ళి గ్రంథాలయం వెనక కట్టారట. నా చీటీలో పాత చోటే ఉంది. తీరా పడవ దిగి తలుపు కొడితే అక్కడ సెలూను తేలుతోంది.

"ఫొటో తియ్యాలండీ" అన్నాను.

"ముందు జుట్టు కత్తిరించుకోండి, బాగా వస్తుంది" అన్నాడు సెలూనాయన.

నా పేరు సువర్చల. గృహతూకం శాఖలో ఫొటోగ్రాఫర్ని. పదహారేళ్ళ సర్వీసు. రోజు పని రోజు రాసిపెట్టాలని శాఖ నియమం. ఎలాగూ ఎవరూ చదవరు కాబట్టి నిజమే రాస్తాను.

గ్రంథాలయం వెనక ఇల్లు దొరికింది. చూడగానే తెలిసిపోయింది, ఒక పక్కకి ఒరిగి ఉంది. నీళ్ళమీద తేలే ఊళ్ళో ఇల్లు ఒరగడానికి రెండే కారణాలు. ఒకటి, లోపల పెళ్ళి జరుగుతూ ఉండాలి. రెండు, ఎవరో గుబులుగా ఉండాలి. గుబులుకి బరువుంటుందని మా తాతల కాలంలోనే కనిపెట్టారు. కోపానికి బరువు లేదు, ఏడుపుకీ లేదు. గుబులు మాత్రం లోపలే ఉండి ఉండి ఇంటిని ముంచుతుంది. అందుకే పన్నెండేళ్ళకోసారి ఇంటింటికీ వెళ్ళి గదిగదికీ ఫొటో తియ్యడం నా ఉద్యోగం.

నేను వస్తున్నానని తెలిస్తే చాలు, జనం నవ్వడం మొదలుపెడతారు. గవర్రాజుగారూ అంతే. డెబ్భై రెండేళ్ళ మనిషి, గురువారాలు ఇళ్ళు జరిపే క్రేను నడిపి రిటైరయ్యారు. తలుపు తీసేటప్పటికే ముప్ఫై రెండు పళ్ళూ బయట ఉన్నాయి. వెనకాల ఆయన భార్య మంగతాయారుగారు ఇంకా వెడల్పుగా నవ్వుతున్నారు.

"నవ్వక్కర్లేదు బాబాయ్‌గారూ, కెమెరాకి మొహాలు పట్టవు" అన్నాను.

"హమ్మయ్య" అని ఇద్దరూ నోళ్ళు మూసి దవడలు పట్టుకున్నారు. పొద్దున్నుంచీ నవ్వుతున్నారట.

పడకగది తీశాను, శుభ్రం. వరండా తీశాను, శుభ్రం. వంటగదీ భోజనాల బల్లా ఒకే గదిలో ఉన్నాయి. అక్కడ గోడ పొడవునా ఇత్తడి పొయ్యి, రెండు చేతులూ ఒక కన్నూ ఉన్న మాట్లాడే రకం. గవర్రాజుగారి పెద్దమ్మగారి గొంతు పెట్టించుకున్నారని దాన్ని దొడ్డమ్మ అంటారు.

"ఎవరే ఆ పిల్ల? బక్కగా ఉంది. తినే వెళ్ళాలి" అంది దొడ్డమ్మ.

తిన్నాను. సొరకాయ పులుసు. మంగతాయారుగారే వండారు, దొడ్డమ్మ కలిపింది. నాకు చప్పగా అనిపించింది కానీ, పెద్దవాళ్ళు కదా, రక్తపోటు ఉంటుందేమో అనుకున్నాను. గవర్రాజుగారు మొదటి ముద్దకే కళ్ళు మూసుకుని "అద్భుతం తాయారూ" అన్నారు. ఆవిడ మొహం వెలిగిపోయింది.

బల్లమీద పెట్టిన నిమ్మకాయ మాత్రం మెల్లగా దొర్లుకుంటూ ఆయన కుర్చీ వైపు వెళ్ళింది.

నమోదు 2. మంగళవారం

ఫొటోలు కడిగాను. గుబులు ఫొటోలో గదంతా నలుపూ తెలుపూ వస్తుంది. కోపం ఉంటే మిరపపండు రంగు, దిగులుంటే బూడిద నీలం, గుబులుంటే నేరేడుపండు రంగు మరక. వంటగది ఫొటోలో గవర్రాజుగారి కుర్చీ నిండా నేరేడు మరక. ఎవరో నేరేడుపళ్ళ బుట్టని కుర్చీలో కూర్చోబెట్టినట్టుంది.

ఇక్కడ ఒక సంగతి రాసుకోవాలి. మరక ఎక్కడ పడితే గుబులు అక్కడి మనిషిదని కాదు. గుబులుపడేవాళ్ళు ఎటు చూస్తుంటారో అక్కడ పడుతుంది. శిక్షణలో మొదటిరోజే చెప్తారు. నేను ఆ రోజు నిద్రపోయి తర్వాత పరీక్ష తప్పి మళ్ళీ నేర్చుకున్నాను కాబట్టి బాగా గుర్తు.

అంటే గవర్రాజుగారి కుర్చీ వంక చూసి ఎవరో బాధపడుతున్నారు.

మా పర్యవేక్షకులు దాట్ల ఉమాపతిగారికి చూపించాను. ఆయన ఫొటోని తిప్పి, వెనక్కి తిప్పి, తలకిందులు చేసి చూశారు.

"వచ్చే సోమవారం ఇంకోటి తియ్యి. ఆపై సోమవారం మూడోది. మూడూ పెరుగుతూ వస్తే నీకు తెలుసుగా."

తెలుసు. ఇంటి తాళ్ళు విప్పేసి, పడవతో లాక్కెళ్ళి శాంతిరేవులో కట్టేస్తారు. నలభై రోజులు. పదకొండుమంది శాంతి బృందం హార్మోనియంతో సహా ఇంట్లోనే కాపరం పెడుతుంది. ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా "ఇప్పుడెలా అనిపిస్తోంది?" అని అడుగుతారు. పైగా ఇంట్లో ఉన్న పాత యంత్రాలన్నిటి జ్ఞాపకాలూ తుడిచేసి కొత్తవాటిలా చేస్తారు. మా వీధి చివర ఒకాయన అక్కణ్ణుంచి తిరిగొచ్చి మూడేళ్ళయింది. ఇప్పటికీ ఎవరైనా కుశలం అడిగితే బల్ల కింద దూరతాడు.

నమోదు 3. సోమవారం

రెండో ఫొటో. మరక పెరిగింది. ఇప్పుడు దానికి మోచేతులు కూడా వచ్చినట్టు కుర్చీ చేతులమీదకి పాకింది. ఇల్లు ఇంకో రెండు వేళ్ళు ఒరిగింది. స్నానాలగది తలుపు ఎంత వేసినా దానంతటదే తెరుచుకుంటోందట. గవర్రాజుగారు స్నానం చేస్తున్నంతసేపూ పాడుతూనే ఉంటున్నారు, లోపల మనిషున్నాడని తెలియడానికి.

విషయం ఇద్దరికీ చెప్పాను. శాంతిరేవు మాట వినగానే గవర్రాజుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"నాకేం గుబులమ్మా? పెన్షన్ వస్తోంది, మోకాళ్ళు వంగుతున్నాయి" అన్నారు. అంటూ గోడకేసి చూశారు.

"నాకసలు అలాంటివి ఉండవు" అని మంగతాయారుగారు కిటికీకేసి చూశారు.

"నన్నడక్కండి, నాకు మాట్లాడే అధికారం లేదు" అంది దొడ్డమ్మ. దాన్నెవరూ అడగలేదు.

"పోనీ మా అమ్మదేమో" అన్నారు గవర్రాజుగారు ఆశగా. వాళ్ళమ్మగారు పోయి ఇరవయ్యేళ్ళయింది.

"మీ అమ్మగారికి గుబులేమిటండీ, అందరికీ పంచిపెట్టింది ఆవిడేగా!" అన్నారు మంగతాయారుగారు.

ఆఫీసుకొచ్చి చెప్తే ఉమాపతిగారు పెన్ను మూత నములుతూ నావంకే చూశారు.

"సువర్చలా, ఆ కుర్చీని అందరికంటే ఎక్కువసేపు చూసిందెవరు?"

"ఎవరండీ?"

"కెమెరా పట్టుకున్నది నువ్వే కదా."

ఫొటోగ్రాఫర్ గుబులు ఫొటోలో పడిందంటే కెమెరా లాక్కుని ఫైళ్ళ గదిలో కూర్చోబెడతారు. ఆ గదికి కిటికీ లేదు. అక్కడ సూర్యప్రకాశం అని ఒకాయన ఉంటాడు, పేరు తప్ప ఆ గదిలో ఇంకే వెలుగూ లేదు. నిజంగా నాదేనా అని ఆలోచించాను. నాకు గుబుళ్ళు ఉన్నమాట నిజమే. మేడమీద ఆరేసిన బట్టలు గాలికి ఎగిరిపోతాయని గుబులు. మా ఇంటి పక్కకి వచ్చే గురువారం ఏ డప్పుల బడి వస్తుందోనని గుబులు. కానీ గవర్రాజుగారి కుర్చీ గురించి నాకేం గుబులు?

నమోదు 4. శుక్రవారం

పరీక్ష పెట్టాను. ఏ మరకైనా ఒక రోజులో ఆరిపోతుంది. అందుకని నాలుగు రోజులు వాళ్ళ గడప తొక్కలేదు. ఇవాళ కెమెరా కిటికీలోంచి లోపలికి అందించి, నేను వీధిలో పడవలో అటు తిరిగి కూర్చున్నాను. నొక్కే పని గవర్రాజుగారిది.

"నొక్కమంటావా?" అని అరిచారు.

"నొక్కండి!"

"ఏది నొక్కమంటావు?"

"ఎర్రది!"

"ఎర్రవి రెండున్నాయి!"

పావుగంట పట్టింది. తొమ్మిది ఫొటోలు వచ్చాయి. ఏడింటిలో ఆయన బొటనవేలు, ఒకదాంట్లో ఆయన ముక్కు. తొమ్మిదోది సరిగా వచ్చింది. కుర్చీలో మరక అలాగే ఉంది, ఇంకా ముదురుగా.

నాది కాదు! పడవలో లేచి గంతేశాను. పడవ తిరగబడింది. తడిసినా సంతోషంగానే ఉంది. మంగతాయారుగారు తన చీర ఒకటి ఇచ్చి నా బట్టలు ఆరేశారు.

ఆరేసేటప్పుడే చెప్పారు. క్లిప్పు పెడుతూ, నావైపు చూడకుండా.

"అమ్మాయ్, ఆ మరక నాదేనేమో. నాకు నాలిక చచ్చిపోయింది."

"అంటే?"

"రుచి తెలీదమ్మా. పదకొండేళ్ళ క్రితం విషజ్వరం వచ్చింది. ఒళ్ళు బాగుపడింది, నాలిక బాగుపడలేదు. ఉప్పేదో బూడిదేదో తెలీదు. మీ బాబాయ్‌గారు నన్ను చేసుకున్నదే నా చేతి వంట తిని. పెళ్ళిచూపుల్లో నా మొహం చూడలేదు, పనసపొట్టు కూర రెండుసార్లు అడిగారు. అలాంటి మనిషికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకని దొడ్డమ్మతో చెప్పుకున్నాను. నేనేదో వేస్తాను, నువ్వు రుచి చూసి సరిచెయ్యి, ఆయనతో అనకు అని. నువ్వూ అనకు."

"అనను" అన్నాను. అదే నేను చేసిన మొదటి తప్పు.

రెండో తప్పు అరగంటకే చేశాను. గవర్రాజుగారు ఇంటి తాడు బిగిస్తున్నానన్న వంకతో నన్ను వెనకవైపు పిలిచారు.

"ఇదిగో, నీకొక్కదానికే చెప్తున్నాను. ఆ మరక నాదేమో. పదకొండేళ్ళ క్రితం తాయారుకి జ్వరం తగ్గాక మొదటిసారి వంట చేసింది. నోట్లో పెట్టుకుంటే ఉప్పుకల్లే! మర్నాడూ అంతే. దాని చెయ్యి తప్పింది అనుకున్నాను. ఆ వంటంటే దానికి ప్రాణం. బాలేదని ఎలా అంటాను? అందుకని దొడ్డమ్మ చెవిలో వేశాను. ఆవిడ ఏం చేసినా చివర్లో ఉప్పు సగం పీల్చెయ్, చెప్పకు అని. అప్పట్నుంచీ ఉప్పు సరిపోయినట్టూ ఉండదు, కారం సరిపోయినట్టూ ఉండదు. చప్పిడి. అయినా అద్భుతం అంటాను. ఎవరితోనూ అనకు."

"అనను" అన్నాను. ఇంకేమనగలను? తడి జుట్టుతో, ఆవిడ చీర కట్టుకుని, ఆయన తాడు పట్టుకుని నిలబడ్డాను.

నమోదు 5. శనివారం

పొద్దున వెళ్ళి భోజనం పూట ఒక ఫొటో తీశాను. కెమెరాలోంచి ఆ ఇద్దర్నీ చూస్తూనే ఉన్నాను. ఆయన "అద్భుతం" అన్నారు. ఆవిడ మురిసిపోయారు. నేను దగ్గాను.

అక్కడే కడిగి చూశాను. కుర్చీలో పాత మరక ఉంది. దాని ఒళ్ళో ఇంకో చిన్న మరక కూర్చుని ఉంది, తల్లీ పిల్లా లాగా.

రెండోది ఎవరిదో చెప్పక్కర్లేదు. నాదే. నిన్నటిదాకా లేదు, రెండు రహస్యాలూ కడుపులో పడ్డాక వచ్చింది. ఇంటికి నా బరువు కూడా తోడై నిమ్మకాయ దొర్లడం మానేసి ఏకంగా బల్లమీంచి దూకింది.

భయపడి ఆ ఫొటో దాచేద్దామనుకున్నాను. దాచేముందు ఒకసారి భూతద్దం పెట్టి చూశాను. రెండు మరకలూ అచ్చం ఒకేలా ఉన్నాయి. అదే రంగు, అదే అంచు, అదే వంపు. పదహారేళ్ళలో రెండు గుబుళ్ళు ఒకేలా ఉండటం నేను చూడలేదు. మంగతాయారుగారిది అయితే ఇలా ఉండదు, ఆవిడకి ఒక రహస్యమే తెలుసు. గవర్రాజుగారికీ ఒకటే తెలుసు. ఇలాంటి మరక పడాలంటే రెండు రహస్యాలూ తెలిసిన మనిషే అయ్యుండాలి.

నాకంటే ముందే ఆ రెండూ తెలిసినవాళ్ళు ఈ ఇంట్లో ఎవరు?

తలెత్తి చూశాను. గోడపొడవునా ఇత్తడి. మధ్యలో ఒక కన్ను. ఆ కన్ను సరిగ్గా గవర్రాజుగారి కుర్చీ వైపే ఉంది.

దంపతులిద్దరూ కూరగాయల పడవ దగ్గర బేరమాడుతున్నారు. నేను పొయ్యి దగ్గరికి స్టూలు జరుపుకున్నాను.

"దొడ్డమ్మా, ఆ మరక నీదా?"

"ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పకూడదని నన్ను తయారుచేసినవాళ్ళు నా కడుపులో రాశారు."

"నేనూ మాటిచ్చాను. ఎవరికీ చెప్పకూడదు."

"నీకేం తెలుసో నాకు తెలీదు."

"నీకేం తెలుసో నాకూ తెలీదు."

కాసేపు ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. నాకు రెండు కళ్ళు, దానికి ఒకటి.

"ఉప్పు గురించి నేనేమీ మాట్లాడను" అంది దొడ్డమ్మ.

"నేను ఉప్పు అనలేదుగా!"

దొడ్డమ్మ లోపల ఏదో బుసబుసలాడింది. తర్వాత గొంతు తగ్గించి మొదలుపెట్టింది. "ఎవరి పేరూ చెప్పనమ్మాయ్. ఊరికే ఒక కథ అనుకో. ఒక వంటమనిషి ఉంది. నిమిషంలో పులుసుని సరిగ్గా దింపగలదు. ఇంట్లో ఒకరు సరిచెయ్యమంటారు, చేస్తుంది. చెయ్యగానే ఇంకొకరికిచ్చిన మాట ప్రకారం దాన్ని చేజేతులా పాడుచేస్తుంది. పూటకోసారి చొప్పున పదకొండేళ్ళు. ఆ పాడుచేసిన కూర తిని ఎదురుగా కుర్చీలో ఒకాయన అద్భుతం అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆ వంటమనిషికి గోడలోంచి ఊడి నీళ్ళలో దూకాలనిపిస్తుంది."

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. పొయ్యిని ఓదార్చడం ఎలాగో తెలీక దాని పిడిమీద చెయ్యేశాను. కాలింది.

"ఎల్లుండి మూడో ఫొటో. ఉమాపతిగారు కూడా వస్తున్నారు. ఇల్లు శాంతిరేవుకి పోతే నీ జ్ఞాపకాలు తుడిచేస్తారు దొడ్డమ్మా."

"గవర్రాజు పెద్దమ్మ పచ్చళ్ళు, తాయారు పనసపొట్టు, అన్నీ పోతాయన్నమాట." చేతిలో గరిటె పక్కన పెట్టింది. "చెప్పకూడదని రాశారు కానీ, వండి తీరాలని ఎక్కడా రాయలేదు. నాకు ఏడాదికి ఆరు సెలవులున్నాయి."

"ఎన్ని వాడావు?"

"ఒక్కటీ వాడలేదు."

నమోదు 6. సోమవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పై అధికారి పక్కనే ఉన్నారు కాబట్టి సాక్షి ఉన్నట్టే.

పదింటికి ఉమాపతిగారితో కలిసి వెళ్ళాను. లోపల అడుగుపెట్టగానే వినిపించింది.

"ఇవాళ నాకు సెలవు" అంటోంది దొడ్డమ్మ. "మంట ఇస్తాను. అంతే. చెయ్యి కదపను, గరిట ముట్టను."

"సెలవేమిటి! ఇవాళా?" మంగతాయారుగారి గొంతు కీచుమంది.

"వద్దు దొడ్డమ్మా, రేపు తీసుకో" అని గవర్రాజుగారు బతిమాలుతున్నారు.

తర్వాత ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, అంత కంగారెందుకో చెప్పలేక, "పోనీలే పాపం, అలిసిపోయిందేమో" అన్నారు ఒకేసారి.

పనసపొట్టు కూరా, పులుసూ మంగతాయారుగారు ఒక్కరే చేశారు. మేం వరండాలో కూర్చున్నాం. నేను తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. ఆవిడ డబ్బాలోంచి ఉప్పు తీసి, చేతిలో తూచి, ఆలోచించి వేశారు. బయటికి కూరగాయల తొక్కలు పారెయ్యడానికి వెళ్ళగానే గవర్రాజుగారు మునివేళ్ళమీద లోపలికొచ్చి పులుసులో చెంబెడు నీళ్ళు పోసి పారిపోయారు. ఆవిడ తిరిగొచ్చి చూస్తే పులుసు పల్చగా ఉంది. మళ్ళీ చింతపండు, మళ్ళీ ఉప్పు. ఆవిడ కరివేపాకు కోసం వెళ్ళారు. ఆయన చెంబుతో వచ్చారు. ఇలా నాలుగుసార్లు. చివరికి గిన్నె నిండి పొంగింది.

"ఈ వయసులో ఎంత హుషారుగా ఉన్నారో" అని ఉమాపతిగారు మెచ్చుకున్నారు.

భోజనాలకి కూర్చున్నాం. ఇల్లు ఎంత ఒరిగిందంటే, ఉమాపతిగారు కంచం జారకుండా ఎడంచేత్తో పట్టుకున్నారు. నేను కెమెరా సర్దుకున్నాను.

గవర్రాజుగారు పులుసు కలుపుకుని మొదటి ముద్ద పెట్టుకున్నారు. మొహం ఎర్రబడింది. చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళవెంట నీళ్ళు కారాయి. మింగారు.

"అద్భుతం తాయారూ" అన్నారు.

"అయ్యో, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు చూడు" అని ఆవిడ పొంగిపోయి ఇంకో గరిటె పోశారు. ఆయన అదీ తిన్నారు. నిజంగా తిన్నారు. నేను అంత ధైర్యమైన పని ఇంతవరకూ చూడలేదు.

అప్పుడు ఉమాపతిగారు తిన్నారు. రెండు క్షణాలు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఆయన ఎదురుగా ఉన్న నీళ్ళూ, నా నీళ్ళూ, పూలజాడీలో నీళ్ళూ తాగేశారు.

"అమ్మా," అన్నారు బొంగురుగా, "ఉప్పు..."

"తక్కువైందా?" అంటూ మంగతాయారుగారు గబగబా ఉప్పు డబ్బా అందుకున్నారు. గుప్పెడు తీశారు.

"వద్దు తాయారూ!" గవర్రాజుగారు లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఉప్పు బల్లమీద చల్లుకుపోయింది.

ఆయన ఆవిడ మొహంలోకి చూశారు.

"నీకు తెలీట్లేదా?"

ఆవిడ తలదించుకున్నారు.

"ఎప్పట్నుంచి?"

"జ్వరం వచ్చిన దగ్గర్నుంచి."

"మరి చెప్పవేం?"

"చెప్తే మీకేం మిగుల్తుంది? నా వంట చూసేగా నన్ను చేసుకున్నారు. అందుకే దొడ్డమ్మని సరిచెయ్యమన్నాను."

"నేను ఉప్పు సగం తీసెయ్యమన్నాను!"

ఇద్దరూ దొడ్డమ్మవైపు తిరిగారు.

"ఇవాళ నాకు సెలవు" అంది దొడ్డమ్మ, గోడలోంచి.

మంగతాయారుగారు లెక్క వేసుకుంటున్నట్టు నిలబడ్డారు. సరిచేసిన కూరలో ఉప్పు సగం తీసేస్తే ఏం మిగులుతుందో ఆవిడకి అర్థమవడం నేను కళ్ళారా చూశాను.

"అంటే పదకొండేళ్ళనుంచీ మీరు చప్పిడి తిన్నారా? తిని అద్భుతం అన్నారా? నేనో పిచ్చిదాన్ని, రోజూ మురిసిపోయాను!"

"నువ్వు చెప్పుంటే నేను అనేవాణ్ణా?"

"మీరు చెప్పుంటే నేను వండేదాన్నా?"

ఇంక మొదలైంది. జ్వరం దగ్గర్నుంచి పెళ్ళిచూపుల దాకా వెనక్కి వెళ్ళారు, మధ్యలో ఆయన వాళ్ళమ్మగారినీ కలుపుకున్నారు. ఆవిడ గరిటె బల్లకేసి కొట్టారు. ఆయన చెంబు ఎత్తి చూపించి, ఇవాళ తాను ఎన్నిసార్లు నీళ్ళు పోశారో కూడా ఒప్పేసుకున్నారు. "నా పులుసులో నీళ్ళు పోస్తారా!" అని ఆవిడ అరిచిన అరుపుకి గ్రంథాలయంలోంచి ఎవరో ఉష్ అన్నారు.

"చివరికి మీకు వంటే లేని పెళ్ళాన్ని అయ్యాను" అని ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు.

గవర్రాజుగారి గొంతు ఒక్కసారి దిగిపోయింది.

"పదకొండేళ్ళు చప్పిడి కూర తింటూ ఇదే కుర్చీలో కూర్చున్నాను తాయారూ. తిండి కోసమే అయితే ఇంకా ఇక్కడెందుకుంటాను?"

నేను నొక్కేశాను. వృత్తి ధర్మం. సరిగ్గా అప్పుడే ఇల్లు, కింద ఏదో తెగినట్టు ఊగి, ఒక్క కుదుపుతో నిటారుగా లేచింది. కంచాలు ఇటు జారాయి. స్నానాలగది తలుపు ఠప్పున మూసుకుంది. ఉమాపతిగారి ఒళ్ళో పనసపొట్టు పడింది.

ఫొటో అక్కడే కడిగాను. గదంతా మిరపపండు రంగు, అక్కడక్కడ బూడిద నీలం. నేరేడు రంగు చుక్క కూడా లేదు. కుర్చీ ఖాళీగా, శుభ్రంగా, ఉత్త కుర్చీలా ఉంది.

"గుబులు సున్నా" అన్నారు ఉమాపతిగారు ఒళ్ళు దులుపుకుంటూ. "కానీ అసలు ఆ మరక ఎవరిదమ్మా?"

"పొయ్యిదండీ."

ఆయన పొయ్యి వంక చూశారు. పొయ్యి ఆయన వంక చూసింది.

"యంత్రాలకి గుబులుండదని శాఖ నిబంధన" అన్నారు. "అలా అని రిపోర్టులో రాస్తే మనిద్దర్నీ శాంతిరేవుకి పంపుతారు. కారణం తెలియలేదని రాయి."

"రాస్తానండీ."

"ఇంకొంచెం నీళ్ళుంటే ఇప్పించు."

నమోదు 7. బుధవారం

ఇల్లు నిలబడిందని పత్రం ఇవ్వడానికి వెళ్ళాను. శాంతిరేవు తప్పింది. పత్రం చూసి గవర్రాజుగారు దండం పెట్టారు. దొడ్డమ్మకి ఇద్దరూ క్షమాపణ చెప్పుకున్నారట. అది రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడోరోజు మాట్లాడిందట. మూతి లేని పొయ్యి మూతి ఎలా ముడుస్తుందో నేనడగలేదు.

వంట ఇప్పుడు కొత్త పద్ధతిలో సాగుతోంది. మంగతాయారుగారు వండుతారు. దొడ్డమ్మ అడిగితేనే సలహా ఇస్తుంది. ఆవిడకి కావలసింది ఇంకోటి. పదకొండేళ్ళుగా తన వంట ఎలా ఉందో ఆవిడకి తెలీదు. అది ఆయన చెప్పాలి.

"బాగుంది అంటే ఒప్పుకోను. ఎలా ఉందో నాకు తెలిసేట్టు చెప్పండి" అన్నారు గిన్నె ముందుపెట్టి. మిరియాల చారు.

గవర్రాజుగారు ఒక గుక్క తాగి చాలాసేపు ఆలోచించారు. నుదురు చిట్లించారు. క్రేను పైనుంచి కింద ఊరంతా చూస్తున్నవాడిలా మొహం పెట్టారు.

"బడి ఎగ్గొట్టి వానలో తడుస్తూ ఇంటికొస్తుంటే, దారిలో మేస్టారు కనపడ్డట్టుంది."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. "మేస్టారు ముందు కనపడ్డారా, చివర్లోనా?"

"చివర్లో."

"అయితే మిరియం ఆఖర్న తగుల్తోందన్నమాట. మంచిదే. వాన ఎలా ఉంది?"

"వాన కొంచెం తక్కువ."

"చింతపండు చాల్లేదు" అని ఆవిడ లేచి పులుపు కలిపి తెచ్చారు. మళ్ళీ పోశారు. ఆయన మళ్ళీ తాగారు.

"ఇప్పుడు గొడుగు ఉన్నా తడిసిపోతాను" అన్నారు. ఆవిడ పకపకా నవ్వారు. తర్వాత నావైపు తిరిగారు. "నీకెలా ఉందమ్మాయ్?"

నేను తాగాను. నిజాయితీగా ఆలోచించాను. "ఆఫీసులో లిఫ్టు పనిచెయ్యట్లేదనుకుని మెట్లెక్కుతుంటే, మధ్యలో ఎవరో పనిచేస్తోందని చెప్పినట్టుంది."

"అది చారు కాదు, అది ఉపశమనం" అన్నారు గవర్రాజుగారు.

"కాదండీ, ఆ పిల్ల చెప్పింది ధనియాల సంగతి" అన్నారు మంగతాయారుగారు.

మెట్లు సరైనవా, వాన సరైనదా అని ముగ్గురం వాదించుకున్నాం. ఆవిడకి రెండూ కావాలట, రెండూ విడివిడిగా చెప్పమన్నారు. మేం ఒక మాటకి వచ్చేసరికి చారు చల్లారిపోయింది. దొడ్డమ్మ పొడుగాటి చెయ్యి చాపి గిన్నె తనవైపు లాక్కుని, ఎవరూ అడక్కుండానే మళ్ళీ వేడి పెట్టింది.